చిమ్మట రెక్కకు పట్టు లైనింగ్

ముందు చప్పుడు వినిపిస్తుంది.

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు రెండు వీధుల అవతల ఒక తెల్ల ఇల్లు. దాని పక్క తలుపు తీసి బేస్‌మెంట్ మెట్ల మీద కాలు పెట్టగానే కింద ఎక్కడో కుట్టుమిషను మొదలవుతుంది. మొదటి మెట్టు మీద చినుకులు. సగం దిగేసరికి జడివాన. అడుగుకి చేరి పూలతెర పక్కకు తీసేసరికి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, వంచిన తల ఎత్తకుండా గుడ్డను సూది కిందికి తోస్తూ ఒక మనిషి.

"నీదేనమ్మా, నీదే కుడుతున్నా. చేతులొక్కటే మిగిలాయి" అంటుంది.

ఆ మాట అంటున్నప్పుడు మిషనులో దారం ఉండదు. సూది కింద నలుగుతున్నది పాత దిండు గలీబు. వచ్చినావిడ బ్లౌజు పీసు ఇంకా తెచ్చిన కవర్లోనే నిద్రపోతుంటుంది. ఈ సంగతి వచ్చినావిడకీ తెలుసు. అయినా ఆ చప్పుడు చెవిన పడ్డాక గట్టిగా అడగబుద్ధి కాదు. వాన కురుస్తుంటే వాకిట్లో నిలబడి ఎవరు మాత్రం గొడవ పడతారు?

ఆమె పేరు శశికళ. ప్లెయిన్స్‌బరో నుంచి పిస్కాటవే దాకా, పట్టుచీర ఉన్న ప్రతి తెలుగింట్లోనూ ఆమె 'బ్లౌజ్ ఆంటీ'. సొంతూరు తెనాలి. భర్త రాజ్ పై గదిలో కూర్చుని ఒక బీమా కంపెనీ సాఫ్ట్‌వేరులో తప్పులు వెతుకుతుంటాడు. "రాజ్, మీ ఊళ్ళో రోజూ వడగళ్ళేనా?" అని ఒకసారి మీటింగులో మేనేజరు అడిగాడట. కింద భార్య దిండు గలీబు కుడుతోందని చెప్పడం ఇష్టంలేక, అవునన్నాడట. అప్పట్నుంచి ఆ మేనేజరు ప్రతి సోమవారం అతని ఇంటి కప్పు క్షేమం కనుక్కుంటున్నాడు.

శశికళ చేతిలో గొప్ప పనితనం ఉంది. మనిషి మెట్లు దిగుతుండగానే కొలత కంటికి అందుతుంది. "పోయిన దసరా కొలత వెయ్యమంటావా, నిజం కొలత వెయ్యమంటావా?" అని మెల్లగా అడుగుతుంది. నిజం కొలత వేసుకున్నవాళ్ళ బ్లౌజు ఒంటికి చర్మంలా అతుక్కుంటుంది. దసరా కొలత అన్నవాళ్ళకు లోపల రెండు వేళ్ళ గుడ్డ దాచి ఉంచుతుంది, విప్పుకోవడానికి. అందుకే ఆలస్యం చేసినా, అబద్ధాలాడినా, అందరూ ఆ మెట్లే దిగుతారు.

ఆమెకు ఒక్కటే బలహీనత. ముక్కలు.

"ఆంటీ, గుడ్డేమైనా మిగిలిందా?" అని అడగని ఆడది లేదు. పాప జడకు రిబ్బను కుట్టించుకోవచ్చు, పర్సు చేయించుకోవచ్చు, ఏదీ కాకపోయినా తమ గుడ్డ తమ దగ్గర ఉంటుంది. శశికళ జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే. "మిగల్లేదమ్మా. క్రాస్ కటింగ్ కదా, గుడ్డంతా తినేస్తుంది." లేకపోతే, "మోచేతుల దాకా చేతులు పెట్టించుకున్నావు, ఇంకేం మిగులుద్ది?" లేకపోతే, "పీసే తక్కువిచ్చాడమ్మా షాపువాడు."

మిగిలేది. ప్రతిసారీ మిగిలేది. అమెరికా వచ్చినప్పుడు తెచ్చుకున్న రెండు పెద్ద సూట్‌కేసులు కటింగ్ బల్ల కింద ఉన్నాయి. వాటి నిండా అరచేయంత, ఆకంత, వేలి వెడల్పంత ముక్కలు. ఆమె వాటిని అమ్మలేదు, కుట్టలేదు. పిస్కాటవే అపార్ట్‌మెంట్‌లో గడిపిన తొలి చలికాలం కిటికీలోంచి చూస్తే నేల తెలుపు, ఆకాశం బూడిద, పార్కింగ్‌లో కార్లన్నీ ఒకే దుప్పటి కప్పుకున్న మూగజీవాలు. ఆ రోజుల్లో ఎవరో ఇచ్చిన మామిడిపండు రంగు పట్టు కత్తిరిస్తే ఇంత ముక్క కింద పడింది. తీసి గుప్పెట్లో పెట్టుకుంది. గుప్పెడు వేసవి. తిరిగి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అలా మొదలైంది. ఇప్పటికీ జనవరిలో మధ్యాహ్నం పూట తలుపు గడియ పెట్టి ఆ పెట్టెలు తెరుచుకుని కూర్చుంటుంది. మిగతా ప్రపంచం ఫ్లోరిడా వెళ్తుంది. ఆమె పెట్టె మూత ఎత్తుతుంది.

ఈ సంగతి బయటపడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎడిసన్‌లో ఒకావిడ ఇస్త్రీ పెట్టె మరిచిపోయి ఒక పైఠానీ బ్లౌజును కాల్చింది. దాని ఫొటో లేడీస్ వాట్సాప్ గ్రూపులో పొద్దున పడింది. సాయంత్రానికి ఆవిడ కుట్టు మానేసి కేకులు చేయడం మొదలుపెట్టింది. శశికళకు కేకులు రావు.

ఇలా ఉండగా ఉగాది ముందు ఒక శనివారం త్రివేణి వచ్చింది. నిజామాబాద్ పిల్ల, ఫార్మా కంపెనీలో పని, తెలుగు సంఘం పత్రిక నడిపేది కూడా ఆమే. వెంట కూతురు నైనిక, మూడో తరగతి. వాన మొదలైంది, వాన ఆగింది.

"ఆంటీ, ఉగాది ఫంక్షన్‌ల ఫ్యాన్సీ డ్రెస్ ఉంది. ఈ పిల్లకు వేషం కుట్టాలె" అంది త్రివేణి.

"కృష్ణుడా, గోదాదేవా?"

"మాత్" అంది నైనిక.

శశికళ తల్లి మొహంలోకి చూసింది. త్రివేణి నిట్టూర్చింది. "చిమ్మట, ఆంటీ."

శశికళ లేచి నిలబడింది. ఈ బేస్‌మెంట్‌లో ఆ మాట ఎవరూ పలకరు. ప్రతి అరలో కలరా ఉండలు, ప్రతి పెట్టెలో వేపాకు పొడి, అంతా దానికోసమే. "ఏమ్మా, దర్జీ కొట్టుకొచ్చి చిమ్మట కుట్టమంటారా? పులిని కుట్టమను, కుడతా."

"ఆంటీ, ఇది బట్టలు తినదు" అంది నైనిక ఐప్యాడ్ తెరుస్తూ. "దీని పేరు ఆటోమెరిస్. ఈక్వడార్ క్లౌడ్ ఫారెస్ట్‌లో ఉంటది. బేబీగా ఉన్నప్పుడు ఆకులు తింటది. పెద్దయ్యాక అస్సలు తినదు. దానికి మౌత్ వర్క్ చెయ్యదు."

"నోరు పనిచెయ్యదా?" శశికళ పైకప్పు వంక చూసింది. పైన రాజ్ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. "అదృష్టవంతురాలు దాని పెళ్ళాం. మరి క్లౌడ్ ఏంటి?"

ఆ అడవిలో మబ్బులు పైన ఉండవట, చెట్ల మధ్య నడుస్తాయట. కొమ్మల మీద నాచు, నాచు మీద మళ్ళీ పూలచెట్లు, ఆకుల అంచున ఎప్పుడూ ఒక నీటిబొట్టు వేలాడుతూనే ఉంటుందట. సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పింది పాప. చెప్తున్నంతసేపూ ఆమె గొంతు తగ్గిపోయింది, ఆ పురుగు పక్కనే నిద్రపోతున్నట్టు.

"అంటే ఉతికినవి ఆరవన్నమాట" అంది శశికళ.

ఫొటో చూసింది. ఎండుటాకు. ఎటు తిప్పి చూసినా ఎండుటాకే, మధ్యన ఈనె కూడా ఉంది.

"గిదే ఆంటీ నా బాధ" అంది త్రివేణి. "స్టేజ్ మీద ఎండుటాకు ఏం మంచిగుంటది? జర చమ్కీలు పెట్టండి, బటర్‌ఫ్లై లెక్క చేసేద్దాం."

"నో, అమ్మా! బటర్‌ఫ్లై అందరూ అవుతారు." నైనిక వేలితో తెర జరిపింది. "ఆంటీ, చూడండి. ఎవరైనా టచ్ చేస్తే ఇట్లా ఓపెన్ చేస్తది. బర్డ్ స్కేర్ అయి వెళ్ళిపోతది."

ఎండుటాకు విచ్చుకుంది. లోపల రెండు కళ్ళు.

పసుపు మైదానం మీద గుండ్రటి కన్ను. చుట్టూ కాటుక గీత, మధ్యలో నెమలికంఠం రంగు, అందులో వెండి చుక్క. రెక్క మొదట్లో కుంకుమ ఒలికినట్టు ఎరుపు. శశికళ తెర మీదికి వంగింది. ఆ రంగులు ఆమెకు తెలుసు. మొహాలు గుర్తున్నట్టు తెలుసు. ఆ పసుపు ఒకావిడ ధర్మవరం. ఆ ఎరుపు ఒకావిడ సీమంతం చీర. ఆ నెమలికంఠం, అచ్చంగా అదే, సంఘం అధ్యక్షురాలు పద్మజ కూతురి పెళ్ళినాటి గద్వాల్. మూడూ తన కాలికి రెండడుగుల దూరంలో, బల్ల కింద ఉన్నాయి.

"కష్టమమ్మా" అంది, బొటనవేలితో సూట్‌కేసును ఇంకొంచెం లోపలికి తోస్తూ. "ఆ రంగులు ఇక్కడ దొరకవు."

పాప ఐప్యాడ్ మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మూసిన తీరు అచ్చం ఆ రెక్క మూసుకున్నట్టే ఉంది.

"చూద్దాంలే" అంది శశికళ.

ఆ వారం ఆమె ఓక్ ట్రీ రోడ్డులో ఉన్న గుడ్డల షాపులన్నీ తిరిగింది. పసుపు అడిగితే టాక్సీ రంగు తీశారు. నెమలికంఠం అడిగితే ఈతకొలను రంగు తీశారు. "మేడమ్, ఫుల్ షైనింగ్" అన్నాడు షాపు కుర్రాడు. షైనింగే కదా నాయనా రోగం అనుకుంది. ఆ గుడ్డల్లో వెలుతురు పైన జారిపోతోంది, పట్టులో అయితే లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తుంది.

ఇంటికొచ్చి గడియ పెట్టి సూట్‌కేసు లాగింది. రాజ్ టీ కప్పుతో దిగి వచ్చాడు. అతనికి ఈ పెట్టెల సంగతి తెలుసు. ఒకసారి బట్టలనుకుని హవాయి ట్రిప్పుకి ఒకటి మోసుకెళ్ళి, అక్కడ తెరిచి చూసి, వారం రోజులు ఒకే చొక్కాతో తిరిగాడు.

"ఏం చేస్తున్నావే?"

"చిమ్మటకి లైనింగ్."

"వాటితోనా? స్టేజ్ మీదా? నీ కస్టమర్లందరి ముందా?" కప్పు బల్ల మీద పెట్టాడు. "కేకులు నేర్చుకుంటావా ఏంటి?"

"లోపలివైపు కదండీ. ఒక్క రెప్పపాటు తెరిచి మూసేస్తుంది. ఎవరికి కనపడుద్ది?"

"పద్మజగారికి తన గుడ్డ పార్కింగ్‌లాట్ అవతలి నుంచి కనపడుద్ది."

శశికళ వినలేదు. ముక్కలు బల్ల మీద పరిచింది. అడుగున దాగిన రంగులన్నీ వెలుతురులోకి వచ్చి కళ్ళు నులుముకున్నాయి. పట్టుపురుగూ చిమ్మట జాతేనని నైనిక చెప్పింది. అంటే ఈ పట్టంతా ఒకప్పుడు ఇలాంటిదొకటి నోటితో అల్లుకున్న ఇల్లే. కంచి, గద్వాల్, ధర్మవరం తిరిగి, పెళ్ళిళ్ళూ పేరంటాలూ చూసి, ఇప్పుడు తన పుట్టింటి రెక్క మీదికి పోతోంది. ఆ ఆలోచనతో కత్తెర దానంతటదే నడిచింది. ముక్కకు ముక్క ఎక్కడ కలిసిందో ఆమెకే తెలియనంత సన్నంగా కుట్టింది. పైవైపుకు కాఫీపొడి రంగు ఖద్దరు. ఈనెలకు చీపురుపుల్లలు. భుజాల దగ్గర టిచ్ బటన్లు. మిషనులో దారం ఉండి అంతసేపు చప్పుడు రావడం ఆ ఇంట్లో అరుదు. రాజ్ రెండు మీటింగులు వాయిదా వేసుకున్నాడు.

వేసి చూసుకున్న రోజు నైనిక అద్దం ముందు రెక్కలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. తర్వాత "ఇది రియల్" అంది.

"విను తల్లీ" అంది శశికళ మోకాళ్ళ మీద కూర్చుని. "తెరిచి వెంటనే మూసెయ్యాలి. సరేనా?"

"డేంజర్ పోయాక మూయాలి, ఆంటీ. మాత్ అట్లనే చేస్తది."

"ఆఁ, అదే. పోగానే." స్టేజ్ మీద ఏం ప్రమాదం ఉంటుందిలే అనుకుంది శశికళ.

ఉగాది వేడుక అద్దెకు తీసుకున్న ఒక స్కూలు ఆడిటోరియంలో. శశికళ నాలుగో వరుసలో, తలుపుకు దగ్గరగా కూర్చుంది. చుట్టూ తను కుట్టిన వీపులే. స్టేజ్ వెనక గోడంత తెర, దాని మీద వేషాలు పెద్దవిగా పడుతున్నాయి. ఆ తెర సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూడగానే తలుపుకు ఇంకో కుర్చీ దగ్గరగా జరిగింది.

కృష్ణులు వరుసగా వచ్చి వెన్న తిన్నారు. ఒక ఆవకాయ జాడీ వచ్చింది. కౌశిక్ అనే పిల్లాడు గ్రీన్‌కార్డ్ వేషం వేశాడు. పేరు పిలిచినా చాలాసేపు రాలేదు. హాలంతా విరగబడి నవ్వింది, మగవాళ్ళు కొంచెం ఎక్కువ గట్టిగా నవ్వి, కొంచెం ముందుగా ఆపేశారు.

తర్వాత నైనిక. మధ్యకు వచ్చి రెక్కలు ముడుచుకుని కూర్చుంది. కదల్లేదు.

"ఏంటది, గోనెసంచా?" అన్నారు వెనక వరుసలో.

"చిలగడదుంపేమో."

వ్యాఖ్యానం చెప్తున్నది పద్మజే. మైకు పట్టుకుని, గాజులు గలగలలాడిస్తూ దగ్గరకొచ్చింది. "ఏం వేషం వేశావమ్మా బంగారం? చెప్పు అందరికీ!" అని భుజం మీద తట్టింది.

ఎండుటాకు విచ్చుకుంది.

వెనక తెర మీద రెండు కళ్ళు ఏనుగుల్లా లేచాయి. హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి లోపలికి లాగింది. శశికళకు ఒక క్షణం అన్నీ మరుపుకొచ్చాయి. పసుపు వెలిగింది, ఎరుపు కదిలింది, ఆ నెమలికంఠం మధ్యలో వెండి చుక్క నిజంగానే ఎవరినో చూస్తోంది. మబ్బులు నడిచే ఆ అడవి ఒక్క రెప్పపాటు న్యూజెర్సీకి వచ్చి నిలబడింది.

"ఇక మూసెయ్, ఇక మూసెయ్" అంది పళ్ళ మధ్య నుంచి.

మూసేదే. కానీ ప్రమాదం పోలేదు. పద్మజ వెనక్కి జరగడానికి బదులు వంగింది. కళ్ళజోడు సర్దుకుంది. ఇంకా వంగింది. ప్రమాదం దగ్గరకొచ్చే కొద్దీ చిమ్మట రెక్కలు ఇంకా సాచి దడదడలాడించింది. దడదడలాడే కొద్దీ పద్మజ ఇంకా దగ్గరగా చూసింది.

"ఆగమ్మా... ఇది..." మైకు ఆమె చేతిలోనే ఉంది. "ఇది నా గద్వాల్ కదూ!"

నాలుగు స్పీకర్లూ ఆ మాట చెప్పాయి.

పక్క కుర్చీలో ఉన్న రాజ్ శశికళ చెవి దగ్గరకు వంగాడు. "కారు వెనక గేటు దగ్గరే ఉంది."

లేవడానికి వీల్లేకపోయింది. ముందు వరుసలో ఒకావిడ లేచింది, "ఆ పసుపు నాది!" పక్కావిడ లేచింది, "నా సీమంతం చీర!" లేచిన ప్రతి వీపూ శశికళ కొలిచిందే. వీపులన్నీ ఒక్కసారిగా తిరిగి మొహాలయ్యాయి.

వసారాలో పులిహోర ట్రేల పక్కన ఆమెను గోడకు ఆనించారు. నైనిక కూడా వేషంతోనే వచ్చి ఆంటీ ముందు నిలబడింది, రెక్కలు సాచుకుని. ఎవరూ మూయమనలేదు మరి.

"మిగల్లేదన్నారు కదండీ!" అంది పద్మజ.

"అప్పుడు మిగల్లేదు" అంది శశికళ.

"మరి ఇదెక్కడ్నించి వచ్చింది?"

శశికళ నోరు తెరిచింది. క్రాస్ కటింగ్ అందామనుకుంది.  ఎవరి మొహంలోకీ చూడకుండా, "బాగుంటాయని ఉంచుకున్నానండీ" అంది. "చలికాలంలో చూసుకోడానికి."

ఆ నిజం ఎవరూ ఊహించినట్టు లేదు. దాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు అందరూ పులిహోర వైపు చూశారు. పద్మజ మాత్రం చెయ్యి చాచింది. "నా ముక్క నాకిచ్చెయ్యండి. పిల్ల పెళ్ళిది."

న్యాయమే. శశికళ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉంటుంది. తీసి ఇచ్చింది. "మీదే. కాకపోతే కంటిపాప మధ్యలో ఉంది. మీ చేత్తోనే తియ్యండి, నాకు చెయ్యి రాదు."

పద్మజ కత్తెర పట్టుకుని అడుగు ముందుకేసింది. చిమ్మట రెండు రెక్కలూ ఒక్కసారి విదిలించింది. చీపురుపుల్లలు బుస్సుమన్నాయి. ఈక్వడార్‌లో ఏ పక్షి అయినా చేసే పనే అధ్యక్షురాలూ చేసింది. "అమ్మో!" అని నాలుగడుగులు వెనక్కి దూకింది.

అక్కడి నుంచి, మొదటిసారి, రెక్క మొత్తంగా కనపడింది ఆమెకు. ముక్కలు కనపడలేదు, కన్నే కనపడింది. చాలాసేపు చూసింది. "అందరి గుడ్డల్లోకీ నాదే బాగుంది" అంది చివరికి, కత్తెర తిరిగిచ్చేస్తూ. "ఉండనివ్వండి. నాదని మాత్రం అనౌన్స్ చేస్తాను."

అప్పుడు వెనక నుంచి మనీషా అనే కొత్తపెళ్ళికూతురు తోసుకుంటూ వచ్చింది. రెక్కను పైనుంచి కిందికి వెతికింది. కళ్ళల్లో నీళ్ళు. "నాదేదీ ఆంటీ? పెళ్ళి బ్లౌజులన్నీ మీ దగ్గరే కుట్టించాను. నా గుడ్డ మీకు నచ్చలేదా?"

అసలు గొడవ అప్పుడు మొదలైంది. కంటిలో ఎవరున్నారు, అంచున ఎవరున్నారు, అసలు లేనివాళ్ళెవరు అని. శశికళ మెల్లగా తప్పుకుని పులిహోర పెట్టుకుంది.

మొదటి బహుమతి గ్రీన్‌కార్డ్‌కి వచ్చింది, ఇన్నాళ్ళకైనా రావాలి కదా అన్నారు జడ్జీలు. నైనికకు రెండోది. రెక్క ఫొటో లేడీస్ గ్రూపులో మర్నాడు పొద్దున పడింది. సాయంత్రానికి మెట్ల మీద లైను.

ఇప్పుడు వచ్చినవాళ్ళందరూ, "మిగిలితే ఉంచేసుకోండి ఆంటీ, రెక్కలకి పనికొస్తుంది" అంటున్నారు. కొందరు ముందే కత్తిరించి, కవర్లో పెట్టి, పేరు రాసి మరీ ఇస్తున్నారు. శశికళ తీసుకుంటోంది. కానీ చిక్కిపోయింది. రాజ్ కారణం అడిగితే, "ఏం చెప్పనండీ, అడక్కుండా ఇచ్చిన ముక్కలో ఆ రంగుండట్లేదు" అంది. ఆ కవర్లు సూట్‌కేసుల్లోకి వెళ్ళలేదు. కుర్చీ మీద పడి ఉన్నాయి.

మొన్న త్రివేణి వచ్చింది, తన బ్లౌజు తీసుకుపోవడానికి. పక్క తలుపు తీసింది. మొదటి మెట్టు మీద చినుకులు, సగం దిగేసరికి జడివాన. తెర తీసేసరికి శశికళ దిండు గలీబు మీద వంగి ఉంది. ఈసారి మాత్రం బ్లౌజు నిజంగానే తయారై హేంగరుకు వేలాడుతోంది. చిలకపచ్చ నారాయణపేట పట్టు. త్రివేణి తల్లి నేయించి పంపింది.

"సంఘం పత్రికల మీ గురించి రాస్తున్న, ఆంటీ" అంది త్రివేణి.

"రాసుకో. టైముకిస్తానని మాత్రం రాయకు, మిగతాది కూడా నమ్మరు."

త్రివేణి బ్లౌజు వేలితో తడిమి చూసింది. కుట్టు ఎక్కడుందో తెలియడం లేదు. బల్ల కింద ఒక సూట్‌కేసు మూత సరిగా పడలేదు. ఆ సందులోంచి వేలెడంత చిలకపచ్చ తొంగి చూస్తోంది, అప్పుడే రెక్క విప్పబోతున్నట్టు. శశికళ కాలు దాన్ని మెల్లగా లోపలికి నెట్టింది. త్రివేణి నవ్వు ఆపుకుని, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఆంటీ, గుడ్డేమన్న మిగిలిందా?"

శశికళ కళ్ళజోడు పైకి తోసుకుంది. చాలారోజుల తర్వాత ఆమె మొహంలో మళ్ళీ వెలుతురు.

"మిగల్లేదమ్మా. క్రాస్ కటింగ్ కదా, గుడ్డంతా తినేస్తుంది."